నబవియ్య నోరు మూసుకున్న వారం

ఈజిప్టులోని టంటా ఊళ్లో, పెద్ద మసీదు వెనక సందులో నబవియ్యను ఎరగనివాళ్లు లేరు. అక్కడ ఆమెకు వేపుడు గింజల కొట్టుంది. సెనగలు, పుచ్చగింజలు, గుమ్మడిగింజలు, పంచదార పాకం పట్టించిన తెల్ల సెనగలు అమ్ముతుంది. భర్త అబ్దుత్తవాబ్ పోయి తొమ్మిదేళ్లయింది. పిల్లలు లేరు. యాభై ఎనిమిదేళ్ల మనిషి, బట్టీ సెగకు ఎప్పుడూ ఎర్రగా ఉండే మొహం, ఎంత బేరమైనా నిలబడే కంఠం.

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. నబవియ్య నోరు మంచిదో కాదో గానీ, పెద్దది. ఆమె బతుకంతా దాని మీదే నడిచింది. గింజ వేగిందో లేదో వాసన పట్టి చెప్పేవాళ్లుంటారు. నబవియ్య అలా కాదు. బట్టీలోంచి ఒక సెనగ తీసి కుడి దవడ పన్ను కింద వేసి, ఒక్క నొక్కు నొక్కి, ఆ చప్పుడు విని చెప్పేది. "ఇంకో రెండు తిప్పులు" అందంటే రెండే. మూడో తిప్పు తిప్పితే మాడిపోవాల్సిందే.

అది ఒక విద్య. రెండోది అంతకన్నా పెద్దది. పెళ్లిళ్లలో ఆడవాళ్లు జగ్రూత పెడతారు కదా, నాలుకను అటూ ఇటూ టకటకా ఆడిస్తూ ఊపిరున్నంతసేపు సాగదీసే ఆ మంగళకూత, అది పెట్టడంలో నబవియ్యకు సాటి లేదు. ఆమె కూత రైలు స్టేషను దాకా వినపడుతుందనేవాళ్లు. ఒకసారి అది విని, ఈలనుకుని గార్డు పచ్చజెండా ఊపేశాడని కూడా ఒక కథ ఉంది. అది అబద్ధం. పుట్టించింది నబవియ్యే.

ఎదురు వరసలో ఊరగాయల కొట్టు షౌకియ్య కూడా కూత పెట్టేది. మొదట్లో బాగానే ఎత్తుకునేది, సగానికి వచ్చేసరికి దమ్ము చాలక దగ్గులోకి దిగేది. "షౌకియ్య కూత పెడితే పెళ్లికూతురికి కాదు, మేకకి నీళ్లు పెట్టబుద్ధేస్తుంది" అని నబవియ్య ముప్పై ఏళ్లుగా అంటూనే ఉంది. షౌకియ్య కూడా ముప్పై ఏళ్లుగా ఆమెకు ఉప్పెక్కువైన ఊరగాయే అమ్ముతూ ఉంది.

అలాంటి నబవియ్య కుడి దవడ పన్ను ఒకరోజు తను వేయించిన సెనగ మీదే విరిగింది. పరువు పోతుందని పది రోజులు ఎవరికీ చెప్పలేదు. ఎడమ పక్క నమిలి చూసి రెండు బట్టీలు మాడబెట్టింది. చివరికి చెంప బన్నురొట్టెలా పొంగాక, చెల్లెలు ఫహీమా ఆదివారం పొద్దున్నే వచ్చి చెయ్యి పట్టి లాగింది.

"మంగళవారం నా కూతురి సామాను బళ్లెక్కుతుంది. నువ్వు ఈ మొహమేసుకుని వస్తావా? నడు డాక్టరమ్మ దగ్గరికి."

ఫహీమా కూతురు నజ్లా పెళ్లి ఆ పై వారం గురువారం. దానికి ముందు మంచాలు, బీరువాలు, ఫ్రిజ్జు, గిన్నెలు, అన్నీ లారీల మీద పేర్చి, చప్పట్లతో పాటలతో ఊరంతా చూసేలా కొత్త కాపురానికి తీసుకెళ్లాలి. నబవియ్య కూత పెట్టందే ఆ కుటుంబంలో ఏ మంచమూ లారీ ఎక్కలేదు.

పళ్ల డాక్టరు మిర్వత్ ముప్పై ఏళ్ల పిల్ల. సన్నగా, నెమ్మదిగా మాట్లాడుతుంది. నోరు తెరిపించి, దీపం వేసి చూసింది.

"పిన్నీ, ఇది ఉంచి లాభం లేదు. తీసెయ్యాలి. తీశాక ఐదు రోజులు జాగ్రత్తగా ఉండాలి."

"తియ్యమ్మా. కానీ ఎల్లుండి నేను కూత పెట్టాలి."

"కూతా? కుదరదు."

"చిన్నగా పెడతాలే."

"నీ చిన్నదెంతో నాకేం తెలుసు? నాలుక ఎక్కడ తగులుతుందో చూడాలి, ఒకసారి చూపించు."

అడగకూడని మాట అడిగింది పాపం. నబవియ్య కుర్చీలో నిటారుగా కూర్చుంది, కళ్లు మూసింది, ఎత్తుకుంది. గోడ మీది అద్దాల బీరువా జలజలలాడింది. బయట కూర్చున్నవాళ్లలో ఇద్దరు ఆడవాళ్లు అలవాటు కొద్దీ బదులు కూత పెట్టారు. వాచిన చెంప పట్టుకుని ఏడుస్తున్న పెద్దమనిషి ఒకాయన లేచి, "శుభం శుభం, ఎవరికి కుదిరింది?" అన్నాడు. లోపలికి పరిగెత్తుకొచ్చిన నర్సు డాక్టరమ్మ వేలి వైపు చూసింది, ఉంగరముందేమోనని.

మిర్వత్ చెవిలోంచి వేలు తీసి, "పిన్నీ, అది నోట్లోంచి వచ్చే పెనుగాలి. ఐదు రోజులు దాని ఊసెత్తకు" అంది.

పన్ను వచ్చేసింది. మొండిదే, మూడు ముక్కలుగా వచ్చింది. గుంట మీద రెండు కుట్లు వేసి, దూదిగుడ్డ మడత పెట్టి, "గంటసేపు గట్టిగా కరిచి పట్టుకో" అని, అప్పుడు చెప్పింది అసలు సంగతి. పన్ను పోయిన గుంటలో నెత్తురు గడ్డ కడుతుంది. పుండుకు మూత అదే. ఆ మూత కింద కొత్త కండ పుడుతుంది. మూత లేచిపోతే కింద ఎముక బయటపడుతుంది, మూడో రోజుకల్లా చెవి దాకా లాగే నొప్పి. అందుకని ఉమ్మకూడదు, పీల్చకూడదు, గొట్టం పెట్టి తాగకూడదు. పొగ దగ్గరికే పోకూడదు. ఈ పూట వేడి టీ వద్దు. రేపటిదాకా పుక్కిలించొద్దు. ఆ తర్వాత గోరువెచ్చని ఉప్పునీళ్లు నోట్లో పోసుకుని, తల వంచి, వాటంతటవే కారిపోనివ్వాలి.

"గింజలు?" అంది నబవియ్య దూదిగుడ్డ వెనకనించి.

"గింజల వంక చూడను కూడా చూడకు. ఒక్క పలుకు ఆ గుంటలో ఇరుక్కుందా, మళ్లీ ఈ కుర్చీలోనే కలుసుకుంటాం."

దూదిగుడ్డ కరిచిపట్టుకుని ఇంటికి నడుస్తుంటే నబవియ్యకు భర్త గుర్తొచ్చాడు. పదిహేనేళ్ల కిందట అబ్దుత్తవాబ్ కూడా పన్ను తీయించుకున్నాడు. ఆ సాయంత్రమే "మగాడికి ఇదో లెక్కా" అని హుక్కా గుడగుడలాడించాడు. మూడో రోజుకు గోడకు తల కొట్టుకుంటూ, పెళ్లినాటి నుంచి చేసిన పాపాలన్నీ పేరుపేరునా ఒప్పుకున్నాడు. పక్కింటి బామ్మ కోడిపెట్ట సంగతి కూడా అప్పుడే బయటపడింది. "పిల్లికి కాలు విరిగినట్టు అరుస్తున్నావేంటయ్యా" అని ఆ రోజు తను నవ్వింది. ఇప్పుడు నవ్వు రాలేదు. తన దగ్గర ఒప్పుకోవాల్సినవి అంతకన్నా ఎక్కువే ఉన్నాయి. ఉమ్మకూడదని చెప్పింది డాక్టరు. నబవియ్య ఇంకో అడుగు ముందుకేసి, అసలు నోరే తెరవకూడదని తీర్మానించుకుంది.

సందులో వార్త పాకింది. గంటలో ఇల్లు మందుల షాపయింది. ఒకామె లవంగాలు నూరి తెచ్చింది, గుంటలో కుక్కడానికి. ఇంకొకామె ఆస్పిరిన్ బిళ్ల తెచ్చి, "చిగురు మీద పెట్టుకో వదినా, మంట పుడుతుంది కానీ పనిచేస్తుంది" అంది. మసీదు మెట్ల దగ్గర కూర్చునే ముసలాయన కాఫీపొడి పంపాడు. నబవియ్య మంచం మీద రెండు దిళ్లేసుకుని ఒరిగి, గుడ్డలో చుట్టిన మంచుగడ్డ చెంపకి కాసేపు ఆనించి కాసేపు తీస్తూ, ఒక్కొక్కరికీ తల అడ్డంగా ఊపింది. ఆమె మాట్లాడకపోవడం చూసి వచ్చినవాళ్లు మొదట భయపడ్డారు, తర్వాత కుదురుకున్నారు, ఆ తర్వాత ముప్పై ఏళ్లుగా ఆమెకు చెప్పాలనుకున్నవన్నీ చెప్పుకున్నారు.

"నీ తూకం కొంచెం తేలికే, ఒప్పుకోవాలి మరి."

"మా అబ్బాయికి నువ్వు చూపిన సంబంధం గురించి ఇప్పుడు మాట్లాడుకుందామా?"

నబవియ్య కళ్లతోనే ఒక్కొక్కరి పేరూ రాసుకుంది.

అసలు గొడవ సోమవారం జరిగింది. నజ్లాకి కాబోయే అత్తగారు తఫీదా, సామాను చూడ్డానికి ఫహీమా ఇంటికొచ్చింది. తఫీదా పట్టింపుల మనిషి. మర్యాదలో ఆవగింజంత తగ్గినా గుర్తుపెట్టుకుంటుంది. పెద్దావిడ కదా అని నబవియ్యను కూడా మంచం మీంచి లేపి తీసుకొచ్చి సోఫాలో కూర్చోబెట్టారు. మూతి బిగించి, ఒక చెంప పొంగి, ఆమె మొహం పన్ను వసూలుకొచ్చిన అధికారి మొహంలా ఉంది.

"ఫ్రిజ్జు బాగుంది. పెద్దది," అంది తఫీదా. "ఏమంటారు నబవియ్యగారూ?"

నబవియ్య ఏమీ అనలేదు.

"మా వాడు మంచం టేకుతో చేయించాడు. చూశారా?"

నబవియ్య కళ్లు మూసి తెరిచింది. బాగుందని ఆమె ఉద్దేశం. అది పైకి చూసేవాళ్లకి మరోలా ఉంది.

తఫీదా మొహం ముడుచుకుంది. ఫహీమా కంగారుగా, "పన్ను తీశారు వదినగారూ, మాట్లాడకూడదు, అంతే" అంది.

"పన్ను తీస్తే నాలుక్కూడా తీశారా? ఎన్నాళ్లు ఈ మౌనం?"

ఈ ప్రశ్నకు నబవియ్య తనే జవాబు చెబుదామనుకుంది. ఎన్నాళ్లంటే ఐదు రోజులు. కుడి చెయ్యెత్తి, ఐదు వేళ్లూ బాగా విప్పి, స్పష్టంగా కనపడాలని తఫీదా మొహం ముందుకు చాపింది.

ఎదుటి మనిషి మొహానికి ఐదు వేళ్లూ చాపడమంటే ఆ ఊళ్లో అర్థం ఒక్కటే. నీ దిష్టి మాకు తగలకుండుగాక, అని.

తఫీదా లేచింది. "నాది దిష్టి కళ్లా? నా కళ్లా? నేను ఫ్రిజ్జు బాగుందన్నందుకా?"

నబవియ్యకు తను చేసింది అర్థమై, కాదు కాదని చెయ్యి ఊపింది. ఐదు వేళ్లూ అలాగే ఉన్నాయి, అందుకని అది ఇంకా ఘోరమైంది. ఒకసారి దిష్టి తీసినదాన్ని ఇప్పుడు ఐదారుసార్లు తీసినట్టయింది.

"రెండో చెయ్యి కూడా ఎత్తమ్మా, అదొక్కటే మిగిలింది!" అంటూ తఫీదా చెప్పులేసుకుంది. "రేపు లారీలు రావు. మా వాడికి చెప్తాను."

వెనకగదిలో నజ్లా వెక్కిళ్లు వినపడ్డాయి. నబవియ్య కూడా ఏడ్చింది, నోరు మూసుకునే, ముక్కుతో. ఒక్కసారి నోరు తెరిచి చెప్పేస్తే పోయేదే. సరిగ్గా ఆ ఆలోచన వచ్చేసరికి, గోడకు తల కొట్టుకుంటున్న అబ్దుత్తవాబ్ కళ్లముందు నిలిచాడు. ఆమె పెదవులు ఇంకా బిగిశాయి.

ఆ ఇంట్లో తెలివైన పని చేసింది నజ్లాయే. కళ్లు తుడుచుకుని డాక్టరు మిర్వత్‌కి ఫోన్ చేసి, చెప్పుల్లో కాళ్లు పెట్టి మెట్లు దిగుతున్న అత్తగారి చెవి దగ్గర స్పీకరు నొక్కి పెట్టింది.

"అమ్మా, ఆవిడకి ఐదు రోజులు కూత పెట్టొద్దని చెప్పింది నేనే," అంది అవతలనించి గొంతు. "ఐదు. వేళ్లతో చూపించారేమో. అన్నట్టు, మాట్లాడొద్దని నేను చెప్పలేదే? నెమ్మదిగా మాట్లాడుకోవచ్చు."

తఫీదా మెట్టు మీదే నిలబడిపోయింది. తర్వాత భుజాలు కదిలాయి. తర్వాత కడుపు. ఆ ముసలావిడ మెట్ల మీద చతికిలబడి, కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వింది. "ఐదు రోజులట! నేను ఆ ఫ్రిజ్జుకి దిష్టి పెట్టానంటోందనుకున్నానే!"

లోపల నబవియ్య, ముందురోజు నోరు మూశాక మొదటిసారి పెదవులు విప్పింది. మెల్లగా, గడ్డ కదలకుండా అంది. "మాట్లాడొచ్చంటే... మొదట తూకం గురించి కూసిందెవరో పిలవండి."

ఆ సాయంత్రం తఫీదా ఇంటినించి రాజీగా ఒక పళ్లెం వచ్చింది. నిండా నువ్వుల చిక్కీ. రాయిలాంటిది, ఘుమఘుమలాడుతోంది. నబవియ్య దానికేసి కాసేపు చూసి, చల్లటి పెరుగు గిన్నె దగ్గరికి లాక్కుంది.

మంగళవారం మధ్యాహ్నం నమాజు కాగానే మూడు లారీలొచ్చాయి. సందంతా మేడల మీద, గుమ్మాల్లో నిండిపోయింది. చెరుకురసం గ్లాసులు పంచారు, ఒక్కోదాంట్లో పీల్చుకునే గొట్టం. నబవియ్య తన గ్లాసులోంచి గొట్టం లాగి, పాముని పారేసినట్టు పారేసి, అంచునుంచి చిన్న గుక్క వేసింది. పక్కన సిగరెట్టు వెలిగించిన బావగారిని, "అటెళ్లి తాగు, నా మూత ఊడుతుంది" అని తరిమింది. ఆయనకు ఏ మూతో అర్థం కాలేదు గానీ, కదిలాడు.

మంచం లేపారు. అందరి కళ్లూ నబవియ్య వైపు తిరిగాయి. ఆమె చెంప మీద చెయ్యేసుకుని తల దించుకుంది.

అప్పుడు షౌకియ్య ముందుకొచ్చింది. పెళ్లికొడుక్కి దూరపు మేనత్త వరస, ఆమెకి హక్కుంది. ఊపిరి పీల్చి ఎత్తుకుంది. బాగానే ఎత్తుకుంది. సగానికొచ్చేసరికి గొంతు జీరపోయి, దగ్గు. మేడ మీంచి ఎవరో మేకలా అరిచారు. సందంతా నవ్వింది.

నబవియ్యకు లోపల చల్లగా అయింది, అబద్ధమెందుకు. ముప్పై ఏళ్లుగా చెబుతున్న మాటకు ఊరంతా సాక్ష్యం పలికింది. ఆ చల్లదనం ఎంతోసేపు నిలవలేదు. పైకి చూస్తే కిటికీలో నజ్లా మొహం కనపడింది. తన మంచం మేక అరుపుల మధ్య లారీ ఎక్కుతోందని ఆ పిల్ల పెదవి కొరుక్కుంటోంది. కింద షౌకియ్య ముసుగు సర్దుకుంటూ, ఎటు పోవాలో తెలియక, ఉన్నచోటే నిలబడి ఉంది.

నబవియ్య లేచి జనాన్ని తోసుకుంటూ వెళ్లి, షౌకియ్య వెనక నిలబడి, ఒక అరచెయ్యి ఆమె నడుముకి, రెండోది కడుపుకి ఆనించింది.

"ఏం చేస్తున్నావే? చక్కిలిగింత!" అంది షౌకియ్య.

"గొంతుతో కాదు, ఇక్కణ్నించి," అంది నబవియ్య పళ్ల మధ్యనుంచి. "నేను నొక్కినప్పుడు వదులు. అంతదాకా దాచుకో. నాలుక నెమ్మదిగా మొదలుపెట్టు, తొందరేం లేదు, మంచం ఎక్కడికీ పోదు."

"ఇన్నేళ్లూ చెప్పలేదేం?"

"ఇన్నేళ్లూ నా పళ్లు బాగానే ఉన్నాయి. పీల్చు!"

షౌకియ్య పీల్చింది. నబవియ్య నొక్కింది. వచ్చింది కూత. సన్నగా మొదలై, పెరిగి, మేడలు దాటి, మసీదు మీది పావురాలను ఒక్కసారిగా లేపి, ఇంకా సాగింది. నబవియ్య చేతులు ఆమె పొట్టని కొలిమితిత్తిలా నడిపాయి. మంచం లారీ ఎక్కింది, అద్దాల బీరువా ఎక్కింది, కూత ఇంకా సాగుతోంది. ఆగాక చూస్తే షౌకియ్య కళ్లలో నీళ్లు. జనం ఆమె పేరు పెట్టి కేకలేశారు. షౌకియ్య పేరు. ఆ కేకలు వింటుంటే నబవియ్య నాలుక మూసిన పెదవుల వెనక దానంతటదే కదలబోయింది. ఎడమ పళ్లతో దాన్ని అదిమి పట్టింది. ఆ రోజు ఆమె పడ్డ నొప్పి అదొక్కటే.

బుధవారం పొద్దున ఫహీమా టార్చిలైటు వేసి అక్క నోట్లోకి చూసి కెవ్వుమంది. గుంటలో తెల్లగా, పసుప్పచ్చగా ఏదో పేరుకుంది. "చీము! అయిపోయింది! మూత లేచిపోయింది!" అక్కచెల్లెళ్లిద్దరూ దారంతా ప్రార్థనలు చేసుకుంటూ డాక్టరు దగ్గరికి పరిగెత్తారు.

మిర్వత్ చూసి, "నొప్పి పెరిగిందా?" అంది.

"తగ్గింది."

"జ్వరం? దుర్వాసన?"

"వాసన సంగతి ఇదే చెప్పాలి," అని నబవియ్య చెల్లెలి వైపు చూపించింది. ఫహీమా లేదన్నట్టు తలూపింది.

"అయితే అది చీము కాదు, మానుతున్న పొర. పుండు మానేటప్పుడు అలాగే ఉంటుంది. చాలా బాగా కాపాడుకున్నావు పిన్నీ. రోజుకి పదిమంది వస్తారు, ఐదుగురు గుమ్మం దాటకముందే సిగరెట్టు వెలిగిస్తారు. నీలాంటి మనిషిని చూడలేదు."

నబవియ్యను ఊరు నానా రకాలుగా మెచ్చుకుంది గానీ, నోరు మూసుకున్నందుకు మెచ్చుకోవడం అదే మొదలు. ఆమె ఆ మాట ఇంటికొచ్చేదాకా మూడుసార్లు చెల్లెలి చేత చెప్పించుకుంది.

పై వారం గురువారం నాటి పెళ్లిలో నబవియ్య, షౌకియ్య ఇద్దరూ కలిసి కూత పెట్టారు. ఒకరి దమ్ము ఆగేచోట ఇంకొకరు అందుకున్నారు. ఆ మర్నాడు షౌకియ్య పంపిన ఊరగాయలో ఉప్పు సరిగ్గా ఉంది. నబవియ్య రుచి చూసి, ఇందులో ఏదో మోసముందని చాలాసేపు అనుమానించింది.

గింజ వేగిందో లేదో ఇప్పుడు ఆమె ఎడమ పక్క పన్నుతోనే చెబుతుంది. నేర్చుకోవడానికి రెండు నెలలు పట్టింది, నాలుగు బట్టీలు మాడాయి. ఆ మాడినవి "ఘాటు రకం" అని వేరే పేరుతో అమ్మింది.

కానీ ఆ వారం ఆమెకు ఇంకో ఉద్యోగం కూడా తెచ్చిపెట్టింది. డాక్టరమ్మ గది ఆ సందు చివరే. పన్ను తీయించుకుని వచ్చేవాళ్లందరూ నబవియ్య కొట్టు ముందు నుంచే పోవాలి. దూదిగుడ్డ కరిచినవాడు జేబులో చెయ్యి పెట్టాడంటే చాలు, "ఆగు! ఏం తీస్తున్నావు? సిగరెట్టేనా? లోపల పెట్టు!" అని కేక పడుతుంది. "ఉమ్మకు, మింగు! నెత్తురు కలిసిన ఉమ్మైనా నీదేగా!" అని ఇంకో కేక. అంతటి బట్టీ పెట్టుకుని, వాచిన చెంపతో వచ్చినవాడికి ఒక్క గింజ అమ్మదు. పెరుగు పక్క కొట్లో దొరుకుతుందని పంపిస్తుంది.

మొన్న ఒకాయన వచ్చి పావుకిలో పుచ్చగింజలడిగాడు. కుడి చెంప ఇంత ఉంది.

"ఎప్పుడు తీయించావు?" అంది.

"ఏంటి తీయించేది? కందిరీగ కుట్టిందమ్మా!"

నబవియ్య అతని నోరు తెరిపించి, టార్చి వేసి, పళ్లన్నీ ఉన్నాయో లేవో లెక్కపెట్టింది. అన్నీ ఉన్నాయి. పొట్లం కట్టి చేతికిచ్చింది.

"అయినా సరే," అంది, "ఎడమ పక్క నములు."